అమ్మమ్మ తెచ్చిన మట్టి సారె

నా చిన్నప్పుడు మా వీధిలో ఎవరింటికి సారె వచ్చినా పిల్లలమంతా ఆ బుట్టల వెనకే ఉండేవాళ్ళం. పుట్టింటివాళ్ళు తెచ్చిన లడ్డూలు, కాజాలు ఇంటింటికీ పంచాల్సిందే కదా! అందుకే ఆ రోజు మా అమ్మమ్మ బొబ్బిలి బస్సు దిగి, గుడ్డ కట్టిన బుట్ట నెత్తిన పెట్టుకుని వస్తుంటే, నేనే వీధంతా టముకు వేశాను.

పదిమందీ చేరాక బుట్ట విప్పితే ఏముంది, మట్టి! పక్కింటి అత్త నవ్వాపుకోలేక, "ఏటమ్మా, కూతురికి మన్ను సారె తెచ్చినావా?" అంది. నాకైతే ఏడుపొచ్చింది. అమ్మ ముఖం మాత్రం వెలిగిపోయింది.

సంగతేమిటంటే, మాకు కొత్తగా బీడు కొట్టి చేసిన చేనొకటి ఉండేది. అమ్మ చేతులు బొబ్బలెక్కేలా అందులో రాళ్ళేరి, పట్టుబట్టి వేరుశనగ వేయించింది. మొదటి ఏడాది మొక్కలన్నీ పసుపు తిరిగి గిడసబారిపోయాయి. ఈసారీ ఇంతే అయితే నీలగిరి మొక్కలు పాతేస్తానని నాన్న తేల్చి చెప్పేశాడు. ఆ దిగులుతోనే అమ్మ పుట్టింటికి కబురు పెట్టింది.

"ఈ నేలకి సెనగ కొత్త బాబూ, దానికేటి తెలుస్తాది? ఏటేటా సెనగ పండే మా సేను మట్టొచ్చి సెప్తాది, సూడు," అంది అమ్మమ్మ నాన్నతో. నాన్న మీసాల చాటున నవ్వుకున్నాడు గానీ అత్తగారి మాట తీసెయ్యలేదు. ఆవిడ బెల్లం నీళ్ళు కాచి, బాగా చల్లార్చి, గింజలకు పట్టించి, ఆ మట్టిలో పొర్లించి నీడలో ఆరబెట్టింది. ఎండపొడ తగిలిందంటే మమ్మల్నందరినీ కసిరేది. ఆరిన గింజలు ఆ సాయంత్రమే చేలో పడ్డాయి.

ఆ ఏడాది చేను ఎంత పచ్చగా ఎదిగిందో! అమ్మమ్మ ఒక మొక్క పీకి, వేళ్ళకున్న బుడిపెను గోటితో చిదిమింది. లోపల ఎర్రగా ఉంది. "రగతం పట్టినాదే! ఇంక సేనుకి బెంగ నేదు," అని మురిసిపోయింది. అమ్మ నవ్వుతూనే ఏడ్చేసింది. నాన్న మళ్ళీ నీలగిరి ఊసెత్తలేదు. కాయ తీశాక అమ్మ ఉడకబెట్టి, ఆ బుట్టలోనే పోసుకుని ఇంటింటికీ పంచింది. పక్కింటి అత్త కొంగు పట్టి మరీ రెండోసారి పోయించుకుంది.

ఆ బుడిపెల్లో ఉండేవి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే సూక్ష్మజీవులని పెద్దయ్యాక తెలిసింది. ఇప్పుడవి రైజోబియం పేరుతో ప్యాకెట్లలో దొరుకుతున్నాయి. నేనూ బెల్లం నీళ్ళు చల్లార్చే, ఆ పొడిని బుట్టలోని గింజలకు కలుపుతాను. ఆ నల్లటి పొడి చేతికంటగానే నా నోరు ఆగదు, "సారె వచ్చిందర్రా!" అని కేకేస్తాను. మనవలు పరుగెత్తుకొచ్చి, బుట్టలోకి తొంగి చూసి మూతులు ముడుస్తారు. ముడవనీ. కాయ తీశాక వాళ్ళ చేతే వీధంతా పంచిస్తాను.