ఎడమ డొక్క

ఈమధ్య ఏ పేపరు తిరగేసినా ఎవరో ఎవరినో కత్తితో పొడిచిన వార్తే. మనవరాలు ఆ మాట చూడగానే పేపరు అవతల పడేస్తుంది గానీ, మన తరానికి అది అంత చెడ్డ మాటేమీ కాదు. మన చేతుల మీద పచ్చబొట్లు పొడిచారు, కోడెలకు ముక్కులు పొడిచి తాళ్లు వేశారు, పొద్దు కూడా రోజూ పొడిచేది. కడుపుబ్బిన గొర్రెను పొడిచి, లోపలి గాలి వదిలించి బతికించడం మా కేతేపల్లి దిక్కు గొర్రెల కాపరుల ఇళ్లలో అందరూ చూసిందే. నాకు మాత్రం ఆ మాట వింటే ఇప్పటికీ మా నాయిన మీద ఒళ్లు మండుతుంది.

నాయినకూ పెదనాయినకూ చేను గెట్టు దగ్గర మొదలైన పంచాయితీ మాటలు బందయ్యేదాకా వచ్చి, రెండు వాకిళ్ల మధ్య నడుమెత్తు మట్టిగోడ లేచింది. నందికొండ దగ్గర ఆనకట్ట పని నడుస్తున్న ఆ ఏళ్లలో ఒక వానాకాలం పొద్దున, అమ్మకు పుట్టింటివాళ్లు పెట్టిన చూడి గొర్రె పెదనాయిన బొబ్బర చేనులో పడి, తడి ఆకు మేసి, ఇల్లు చేరేసరికి డోలులా ఉబ్బి కూలబడింది. తిట్టడానికి గోడ దాకా వచ్చిన పెదనాయిన దాన్ని చూసి తిట్లు మరిచిపోయాడు. అప్పటికే నాయిన గోనెసంచులు కుట్టే దబ్బనం తీసుకున్నాడు, నేను గొర్రె తల పట్టుకుని కూర్చున్నాను.

"ఎడమ డొక్కల పొడువురా, గా గుంటకాడ! కుడిదిక్కు పేగులుంటయ్!" అని అరిచాడు పెదనాయిన.

నాయినకు తెలియక కాదు, తన చేతులతో ఎన్నో గొర్రెలను బతికించినవాడే. దబ్బనం మొన ఎడమ డొక్క మీదే ఆని ఉంది. నేను అడ్డంగా కూర్చోవడంతో అది పెదనాయినకు కనబడలేదు. ఆ అరుపు వినగానే నాయిన పళ్లు కొరికి, గొర్రెను రెండో పక్కకు దొర్లించి, కుడి డొక్కలో పొడిచాడు.

అది ఎక్కువసేపు కొట్టుకోలేదు. అమ్మ ఏడవలేదు. "నీ పంతం సల్లగుండ, కడుపుల పిల్లతోని దాన్ని మింగినవు గద," అని లోపలికి పోయింది. పెదనాయిన గోడ మీద చేతులు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు గానీ, దాటి రాలేదు.

ఇప్పుడు ఫోను చేస్తే పశువుల డాక్టరు బండి మీద వస్తాడు. మా తమ్ముళ్లిద్దరూ అదే చేను కోసం కోర్టు చుట్టూ తిరుగుతున్నారు. ఒకరింట్లో ఏం జరిగిందో రెండోవారికి తెలియదు, తిట్టడానికైనా గుమ్మం దాకా రారు. పగవాడి గొర్రె కోసం గొంతు చించుకున్న మనిషి మా ఇంట్లో ఒకడుండేవాడు. తన తమ్ముడికి పొడవడం రాదనుకుంటూనే పెదనాయిన పోయాడు. దబ్బనం మొదట ఎటు ఆనిందో నేనెప్పుడూ ఆయనకు చెప్పలేకపోయాను.