గాలి బాగుంటే ఎవరూ రారు

గాలిని తూచే ఉద్యోగం ఒకటుందని చెబితే మన చుట్టాల్లో సగం మంది నవ్వుతారు. మిగతా సగం దానికి పెన్షనుందా అని అడుగుతారు. పోర్ట్‌బ్లెయిర్‌కి ఎదురొడ్డున ఉన్న బాంబూఫ్లాట్ జెట్టీకి కాస్త ఎగువన, ఒక సర్కారు భవనం డాబా మీద, అప్పలరాముడు చాలా ఏళ్లు చేసింది ఆ ఉద్యోగమే.

అక్కడ రేకు టోపీ పెట్టిన చిన్న బీరువాలాంటి యంత్రం ఒకటి ఉండేది. మోటారు వేస్తే అది గాలిని లోపలికి పీలుస్తుంది. ఆ గాలి ఒక తెల్లకాగితం గుండా పోతుంది, దుమ్ము కాగితం మీద నిలిచిపోతుంది. వారానికి రెండు రోజులు రాముడు కాగితం బిగించి యంత్రం నడపాలి. వాడిన కాగితాన్ని కవర్లో పెట్టి, ఫెర్రీ ఎక్కి, పోర్ట్‌బ్లెయిర్‌లోని ల్యాబ్‌లో ఇచ్చి రావాలి. అక్కడ దాన్ని తూచి గాలిలో దుమ్ము ఎంతుందో తేలుస్తారు. చుట్టూ సముద్రం ఉన్న ఊళ్లో ఏం తేలుతుంది? ఎప్పుడూ బాగుందనే తేలేది. ల్యాబ్ కిటికీలోంచి ఒక చెయ్యి వచ్చి కవరు తీసుకునేది. ఆ చేతి వెనకాల ముఖం ఎలా ఉంటుందో రాముడికి సరిగా తెలియదు.

అంతకుముందు అతనికి దక్షిణాన ఇంకో దీవిలో ఉన్న హట్‌బేలో కిరాణా కొట్టు ఉండేది. సరుకుల ధరలు ఒక్కటీ గుర్తుండేవి కావు. కొనేవాళ్లను నిలబెట్టి లోపలికి కేకేస్తే, పొయ్యి దగ్గర్నుంచే భార్య సీతాలు చెప్పేది. సునామీ వచ్చిన రోజు రాముడు సరుకు కోసం పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్నాడు. సీతాలు కొట్లో ఉంది. వెనక్కి వెళ్లేసరికి సీతాలూ లేదు, కొట్టూ లేదు. మళ్లీ కొట్టు పెట్టుకోమని అందరూ సలహా ఇచ్చారు. సలహాలకేం, ఊరికే వస్తాయి. "ధర ఎవుర్ని అడగాలి?" అన్నాడు రాముడు. రెండేళ్లు రేకుల షెడ్డులో ఉన్నాక ఈ డాబా ఉద్యోగం దొరికింది. మాట్లాడక్కర్లేని పని కదా అని సంతోషించాడు. మాట్లాడక్కర్లేకపోవడం ఎంత బరువో తర్వాత తెలిసింది.

ఒక దసరాకి యంత్రం నడిపే రోజు పడింది. ఆయుధ పూజ రోజున మనవాళ్లు ఆటోకీ కుట్టుమిషనుకీ కూడా పసుపు రాస్తారు, తనకు అన్నం పెట్టే యంత్రాన్ని రాముడు వదిలేస్తాడా? శుభ్రంగా తుడిచాడు, పసుపు రాసి కుంకం పెట్టాడు, బంతిపూల దండ వేశాడు, కొబ్బరికాయ కొట్టాడు. ఆపైన నిప్పుల మీద గుప్పెడు సాంబ్రాణి చల్లి, యంత్రం గాలి పీల్చే చోట, సరిగ్గా దాని ముక్కు కింద పెట్టాడు. అది నడుస్తూనే ఉంది. ధూపం తృప్తిగా పీల్చుకుంది.

ఆ వారం లెక్కల్లో బాంబూఫ్లాట్ గాలి దుమ్ములో పెద్ద పెద్ద నగరాల గాలిని మించిపోయింది. లెక్క తేలిన మర్నాడే ఆఫీసు నుంచి ముగ్గురు దిగారు. ఓడ తగలబడిందా, చెత్త కాల్చారా అని ఊరంతా అడిగి చివరికి డాబా ఎక్కారు. వాళ్లలో లహరి ఒకతె. పోర్ట్‌బ్లెయిర్ పక్కనే గారాచర్మలో పుట్టి పెరిగిన తెలుగుపిల్ల, కొత్తగా చేరిన ఇంజనీరు. వాడిపోయిన దండ, కుంకం బొట్టు, బూడిద చూసి, పక్కనే మెట్టు మీద కూలబడి నవ్వింది.

"అంకుల్, మీరు మెషీన్‌కి ధూప్ పెట్టారా? సచ్ బోలో!"

"పండగ గదమ్మా. దానికి మాత్తరం ఎవురున్నారు?" అన్నాడు రాముడు.

మిగతా ఇద్దరూ విసుక్కుంటూ దిగిపోయారు. లహరి ఉండిపోయింది. కొబ్బరిముక్క తింటూ హట్‌బే గురించి అడిగింది. రాముడు సీతాలు సంగతంతా చెప్పాడు. అన్నేళ్లలో ఒక మనిషికి చెప్పడం అదే మొదలు. ఆ సాయంత్రం అతనికి ఆకలి వేసింది.

తర్వాత గాలి మళ్లీ బాగుపడింది, ఎవరూ రాలేదు. నెలలు గడిచాయి. మనుషులు రావాలంటే గాలి చెడాలని రాముడికి అర్థమైంది. నన్నడిగితే అందులో అతని తప్పు లేదు. డిసెంబరు చివర్లో, ఊరంతా సునామీలో పోయినవాళ్ల కోసం పూలు పట్టుకుని సముద్రానికి వెళ్లిన రోజు, రాముడు వెళ్లలేదు. డాబా మీద యంత్రం పక్కన కొబ్బరి పీచు కాల్చాడు.

ఈసారి లహరి ఒక్కతే వచ్చింది. చుట్టూ చూడలేదు, వెతకలేదు.

"కాగితం పీచు వాసన వస్తోంది అంకుల్. ఆఫీసులో ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఇలా చేస్తే మెషీన్ ఇక్కణ్ణుంచి తీసేస్తారు. మీ నౌకరీ భీ పోతుంది. నన్ను రమ్మనాలంటే ఫోన్ చెయ్యొచ్చు కదా?"

"ఏటని సెయ్యాలి తల్లీ? గాలి బావుందని సెయ్యాలా?"

లహరి వచ్చి అతని పక్కనే మెట్టు మీద కూర్చుంది. ఇంకెప్పుడూ పొగ పెట్టనని మాట ఇమ్మంది. అతను ఇచ్చాడు. ఆదివారాలు వస్తానని ఆమె మాట ఇచ్చింది. ఇచ్చినట్టే రెండు మూడు ఆదివారాలు ఫెర్రీ దిగి వచ్చింది, తెచ్చిన పకోడీలు ఇద్దరూ తిన్నారు. అంతలో ఎక్కడో ఉత్తరాన ఉన్న మాయాబందర్‌కి ఆమెకు బదిలీ అయింది. బదిలీ చేసేవాళ్లకు ఆదివారాల సంగతి ఎవరు చెబుతారు?

రాముడు మాట తప్పలేదు. దసరాలు వచ్చాయి, పోయాయి. యంత్రానికి కుంకం బొట్టు ఒకటి పెట్టి ఊరుకునేవాడు. పీచు గోనెలు డాబా మీద అందుబాటులోనే ఉండేవి. కొన్ని సాయంత్రాలు వాటివైపు చూడకుండా ఉండటానికి కిందికి దిగిపోయేవాడు.

ఒకరోజు డాబా మీద ఉండగా ఫోన్ మోగింది. కొత్తగా వచ్చిన ఆఫీసరు, హిందీలో మాట్లాడుతున్నాడు. గొంతు నిండా సంతోషం.

"అప్పలరాముడూ, షాబాష్! అన్ని స్టేషన్లలోకీ నీది ఫస్ట్. ఈమధ్య ఏళ్ల రికార్డులో ఒక్క తేడా లేదు. ఇక నీ దగ్గరికి తనిఖీకి ఎవరూ రానక్కర్లేదని పైకి రాసేశాను. కాగితాలు కూడా నువ్వు మోసుకురావద్దు, జెట్టీలో ఫెర్రీవాడికి ఇచ్చెయ్, చాలు."

రాముడు పీచు గోనెల వైపు చూశాడు.

"ఒక్కసారి వచ్చి చూసి పోండి సార్," అన్నాడు తనూ హిందీలోనే.

"ఎందుకు? ఏమైనా ప్రాబ్లమా?"

"ఏం లేదు సార్," అన్నాడు రాముడు. "గాలి చాలా బాగుంది."