అత్త తెచ్చిన క్రీము

మాస్కులు తీసేసిన 2022 వేసవి. జగదాంబ జంక్షన్ దగ్గర ఒక చర్మవ్యాధుల క్లినిక్‌లో నేను ముసలి కాంపౌండర్‌ని. బడి చదువు ఐదో తరగతితో సరి. మిగతాదంతా డాక్టరమ్మ పాత పుస్తకాల్లో, ఆవిడ చేతుల్లో చూసి నేర్చుకున్నదే.

ఆ రోజు యారాడ నుంచి చేపలమ్మే నూకరత్నం వచ్చింది, వెనకే అత్త పోలమ్మ. రత్నం బుగ్గల మీద, ముక్కు పక్కన సాలెగూడు అల్లినట్టు ఎర్రటి సన్న నరాలు. వీటిని టెలాంజియెక్టేసియా అంటారు. అంటే వెడల్పై పైకి కనిపించే చిన్న రక్తనాళాలు.

"కల్లు తాగతందని ఊరంతా అంతన్నారు డాట్రమ్మా. ఈ ఏడు పండక్కి అమ్మోరి ఘటం దీని నెత్తినెట్టరంట" అంది పోలమ్మ.

"నాను సుక్క ముట్టనేదు. నువ్వూ నమ్మనేదు కదత్తా!" అంది రత్నం.

డాక్టరమ్మ గాజు స్లైడు బుగ్గ మీద నొక్కింది. ఎరుపు మాయమైంది. ఎత్తగానే పిల్లకాలవల్లోకి నీరొచ్చినట్టు ఒక్కో దారంలోకీ రక్తం పాకింది. ఎన్నిసార్లు చూసినా నాకు వింతే.

"మొహానికి ఏం రాస్తున్నావు?"

రత్నం రొంటినుంచి నలిగిన ట్యూబు తీసింది. స్టెరాయిడ్ క్రీము! దురద దద్దుర్లకి కొద్దిరోజులు వాడే మందు. తెల్లబడతామని రోజూ పూస్తే చర్మం పల్చబడి నాళాలు బయటపడతాయి, ఎండ దానికి తోడు. డాక్టరు చీటీ లేకుండా దీన్ని సబ్బుబిళ్లలా అమ్మేవాళ్లని ఏ పేరుతో తిట్టాలి?

"ఎవరిచ్చారు?"

రత్నం అత్తకేసి చూసింది. పోలమ్మే నోరు విప్పింది. "నానే. పెళ్లయి వచ్చినప్పుడు గుంట నల్లగున్నాదని... నానే తెచ్చి ఇత్తన్నాను."

మానేస్తే ముందు ఇంకా మండుతుందని, ఓర్చుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. అలాగే మండింది. పండగనాటికి మొహం నిప్పుకణిక. ఘటం ఇంకొకరు ఎత్తారు. తర్వాత క్లినిక్‌కి వచ్చినప్పుడు పోలమ్మ చేతిలో కోడలి మొహానికి అద్దే తడిగుడ్డ ఉంది.

"కూసింత రాసుకోనీ అత్తా అని ఒకటే ఏడుపు. నా పీక కొయ్యే, ఇవ్వనన్నాను. ట్యూబు సముద్రంలో ఇసిరేసినాను."

చర్మం కుదుటపడ్డాక మిగిలిన నరాలకు లేజర్. ఆ వెలుగుని రక్తంలోని ఎరుపే పీల్చుకుంటుంది, ఆ వేడికి నాళం మూసుకుపోతుంది. మెరుపు మెరిసిన చోటల్లా గీత పాలిపోవడం నా కళ్లతో చూశాను. అన్నీ పోలేదు. ముక్కు పక్కన ఒకటి మిగిలింది.

మరుసటి ఏడు పండక్కి నన్ను పిలిచారు. మళ్లీ గుసగుసలు మొదలయ్యాయి. పోలమ్మ జనం మధ్య నిలబడి కోడలి మొహం పట్టి చూపించింది.

"ఏటి, ఈ ఎర్రగీతేనా? ఇది కల్లు కాదు, నాను సేసిన పాపం. ఘటం ఇలాగియ్యండి!"

తానే ఎత్తి రత్నం తల మీద పెట్టింది. ఎవరూ అడ్డం రాలేదు.

అప్పటినుంచి ఎర్రబడ్డ మొహం కనిపిస్తే నేను మొదట అడిగేది "ఏం రాస్తున్నారు?" అని. రెండోది "ఎవరిచ్చారు?" అని. ఆ రెండోదానికి 'నానే' అని జవాబు చెప్పాలంటే పోలమ్మకున్నంత గుండె కావాలి.