వెయ్యి వాట్‌అవర్ల పరువు

ఆ రోజుల్లో నా దగ్గరున్న వస్తువులన్నిటిలో బరువైనది నా పరువే అనుకునేవాణ్ణి. ఎలక్ట్రిక్ సైకిల్ బ్యాటరీ మోశాక ఆ అభిప్రాయం మార్చుకున్నాను. మా తాతగారి కాలంలో మాకు గుర్రాలుండేవి. నాన్నగారి కాలానికి వాటి జీన్లు కూడా పోయాయి. నా వాటాకు వచ్చినవి రెండే: ఎక్కడా వంగని నడుము, ఎవరినీ ఏదీ అడగకూడదన్న నియమం. వీటితోనే అమెరికాలో, అరిజోనా ఎడారి ఊరైన చాండ్లర్‌లో ఎం.ఎస్. విద్యార్థిగా దిగాను (కారు కొనే స్తోమత లేదు, లిఫ్ట్ అడుగుదామంటే నియమం ఒప్పుకోదు). ఇంటర్న్‌షిప్ దొరకగానే సైకిల్ అవసరమైంది, దానికి ఏ బ్యాటరీ ఎంచుకోవాలన్న తగాదా మొదలైంది. నా రూమ్మేట్ వరంగల్ వాడు, లెక్క తప్పని మనిషి. “అన్నా, ఆఫీస్ ఇక్కడనే ఉంది. ఐదువందల వాట్‌అవర్లది మస్తు. తక్కువైతే ఆఫీస్‌ల చార్జ్ పెట్టుకో” అన్నాడు. “పరాయివాళ్ల కరెంటా? మా గుర్రాలు ఇంకొకరి తొట్టిలో నీళ్లు తాగలేదు” అన్నాను. “ఇది నీళ్లు తాగదన్నా, జర చెప్పేది ఇను!” అని వాడు తల పట్టుకున్నాడు. వారమంతా ఎవరి ప్లగ్గూ ముట్టుకోకుండా తిరగాలని నేను వెయ్యి వాట్‌అవర్లదే తెప్పించాను.

దాన్ని భుజానికెత్తుకుని మెట్లెక్కుతుంటే అపార్ట్‌మెంట్ ఆఫీసులో ఉండే ఆవిడ ఎదురై, “ఓ, సారీ హనీ, టూ బిగ్!” అంది. చిన్న బ్యాటరీలైతే ఫ్లాట్‌లో చార్జ్ చేసుకోవచ్చట, ఇంత పెద్దవి లోపలికే తేకూడదట. (ఎవరినీ అడగనక్కర్లేకుండా కొన్నది కాస్తా అడిగితే తప్ప పనికిరాని వస్తువైంది.) చివరికి రూమ్మేటే తనకు తెలిసిన గుంటూరు ఆంటీగారి గరాజ్‌లో చార్జింగ్‌కు నా తరఫున మాట్లాడి పెట్టాడు.

శనివారం వెళ్లాను. “ఎంతసేపు పడుద్ది బాబూ?” అన్నారావిడ. “ఏడెనిమిది గంటలండీ.” “అమ్మో! అయితే భోజనానికీ ఉంటావ్, సాయంత్రం టీకీ ఉంటావ్.” బ్యాటరీ పెద్దదైన కొద్దీ పరాయి సోఫాలో కూర్చునే కాలమూ పెరుగుతుందని ఏ రివ్యూలోనూ రాయలేదు. వదిలేసి వెళ్దామంటే బయట నిప్పులు చెరిగే ఎండ, నాకు కాళ్లయిన ఆ బ్యాటరీ ఏమో గరాజ్‌లో ప్లగ్గుకు వేలాడుతోంది. ఆపైన ప్రతి శనివారమూ ఇదే వరస. అంకుల్ గంటకోసారి వచ్చి, “రాజావారికి ఎంత శాతం ఎక్కింది?” అనేవారు. ఆంటీగారి అమ్మాయి నన్ను చూడగానే, “మమ్మీ, బ్యాటరీ అంకుల్ వచ్చాడు!” అని అరిచేది. (నాకప్పుడు మీసాలు కూడా సరిగ్గా రాలేదు.) నేను మాత్రం సోఫాకు వీపు ఆనించకుండా, పెట్టిన ప్రతిదానికీ “వద్దండీ” అంటూ, ఆకలితో నిటారుగా కూర్చునేవాణ్ణి.

వేసవి అయిపోతుండగా రూమ్మేట్ సంతోషంగా వచ్చాడు. “అన్నా, షాపోడు చిన్న బ్యాటరీకి ఎక్స్‌ఛేంజ్ చేస్తాడంట! ఇగ రూమ్‌లనే చార్జ్ చేస్కో, ఎవ్వర్నీ అడిగే పన్లే.”

“వద్దు. రేంజ్ తగ్గుతుంది.”

“ఏం రేంజన్నా? ఆఫీస్‌కి, ఆంటీ ఇంటికి తప్ప ఏడికి పోయినవ్ నువ్వు?”

హెల్మెట్ పెట్టుకుని ఆంటీగారింటికి బయల్దేరాను. ఆరోజు ఆంటీగారు గోంగూర నూరుతున్నారు. ఇప్పుడు తలచుకుంటే అప్పటి నేనైన ఆ బిగుసుకుపోయిన కుర్రాడి మీద విసుగు రావాల్సింది, నవ్వే వస్తోంది. నడుము అంగుళమైనా వంచకుండానే కంచం కాస్త ముందుకు జరిపి, “ఆంటీ, ఇంకొంచెం వేస్తారా?” అని వాడు ఆరోజే మొదటిసారి అడిగాడు.