ప్రొఫెసరుగారికి చూపించని గూడు

అరవై ఏడులో నేను తార్నాకలో సుందరరావుగారి ఇంటి వెనక గదిలో అద్దెకుండి చదువుకున్నాను. ఆ ఇంట్లో గుర్తుంచుకోదగ్గ మనిషి ఆయన కూతురు హైమ ఒక్కతే. అప్పటికి దానికి ఎనిమిదేళ్ళు. సుందరరావుగారు యూనివర్సిటీలో లెక్చరరు. రీడరు కావాలని ఆయన తపన. అందుకు పుస్తకాలు చదవడం కంటే తన శాఖ ప్రొఫెసరుగారిని కాఫీకి పిలవడం సులువని కనిపెట్టాడు.

అందరి పిల్లలూ ఇంటికొచ్చినవాళ్ళ ముందు పద్యాలు అప్పజెబుతారు. హైమకు పద్యాలు రావు, కళ్ళున్నాయి. చీమలు దారి మార్చినా, గోడమీద తొండ మెడ ఎర్రబడినా దానికే ముందు తెలిసేది. ఆ చూపు కూడా తన సొత్తే అనుకున్నాడు తండ్రి. ఎవరొచ్చినా "ఇవాళ ఏం చూశావో చెప్పమ్మా" అనేవాడు. పిల్ల చెబుతుంటే తను మీసం దువ్వుకునేవాడు.

ఆ వానాకాలం పెరటి నిమ్మచెట్టులో హైమకు ఒక పిట్టగూడు కనబడింది. రెండాకుల్ని దూదిపోగులతో కలిపి కుట్టింది పిట్ట. లోపల గుడ్లు. సంతోషం పట్టలేక తండ్రికి చెప్పింది. ఆ సాయంత్రం కాఫీకొచ్చిన ప్రొఫెసరుగారు పెరట్లో బురదగా ఉందన్నారు. వెంటనే మన ఘనుడు కొమ్మ విరిచి, గూటితో సహా పళ్ళెంలో పెట్టి, జంతికలు తెచ్చినట్టు హాల్లోకి తెచ్చాడు. అందరూ పిల్ల బుగ్గ గిల్లి మెచ్చుకున్నారు.

"గింత పిట్ట గంత కష్టపడి కుట్టుకున్నది, ప్లేట్ల వెట్టి తెచ్చినవా సారూ" అంది పనిమనిషి లచ్చవ్వ. ఆయన ఆమెను కప్పులు తీయమన్నాడు.

చీకటి పడేదాకా ఆ పిట్ట విరిగిన కొమ్మ దగ్గర అరుస్తూ తిరిగింది. హైమ కిటికీ వదిలి అన్నానికి రాలేదు. నాకు ఆ మనిషంటే అసహ్యం పుట్టింది. అది ఇప్పటికీ పోలేదు.

నెల తిరక్కుండానే యూనివర్సిటీ తోవలో, సీతాఫలం పొదలో అలాంటి గూడే మళ్ళీ హైమ కంటబడింది. ఈసారి అందులో పిల్లలున్నాయి. "నాన్నకు చెప్పకండి అన్నయ్యా" అంది నాతో.

రెండు రోజులకే ప్రొఫెసరుగారితో మేమంతా అటు షికారు వెళ్ళాం. ఆయన ఆ పొద దగ్గరే ఆగి, "ఈ ఆకులిలా అతుక్కున్నాయేం?" అంటూ చేతికర్ర చాచారు.

"చెప్పమ్మా" అన్నాడు తండ్రి.

"గొంగళిపురుగులండీ" అంది హైమ. "కదిపితే ఒళ్ళంతా దద్దుర్లు."

కర్ర కంటే ముందు ప్రొఫెసరుగారు వెనక్కి జరిగారు.

"ఇంకేం చూశావమ్మా?" అని తండ్రి బతిమాలాడు.

"ఏం కనబళ్ళేదు నాన్నా."

"మామూలు పిల్లేనయ్యా" అని ప్రొఫెసరుగారు తేల్చేశారు.

రీడరు పదవి చేజారినట్టు బెంగపడ్డాడు సుందరరావుగారు. మర్నాడే పిల్లను ముషీరాబాదులో కళ్ళ డాక్టరుకు చూపించాడు. చూపు బాగానే ఉందని డాక్టరు చెప్పినా వినకుండా, పోరి మరీ అద్దాలు పెట్టించాడు. అంతకు మించిన తెలివి ఆయన దగ్గర లేదు.

తర్వాతి ఆదివారం హైమ నన్ను ఆ పొద దగ్గరికి లాక్కెళ్ళింది. గూడు ఖాళీగా ఉంది. పై కొమ్మమీద, తోకలింకా సరిగా రాని పిల్లలు తల్లి తెచ్చిన పురుగుల కోసం నోళ్ళు తెరుస్తున్నాయి. అద్దాలు గౌను జేబులో పడేసి చాలాసేపు చూసింది.

ఇంటికి రాగానే తండ్రి ఆశగా ఎదురొచ్చాడు. "అద్దాలతో ఏం చూశావమ్మా?"

"ఏం లేదు నాన్నా."

నేనా ఇంట్లో ఉన్న మరో రెండేళ్ళూ ఆయన అడుగుతూనే ఉన్నాడు. హైమ ఒక్క చీమను కూడా ఆయనకు చూపించలేదు.