కొయ్యసిలువ మీద రెండక్షరాలు

నా చిన్నప్పుడు జువ్వలదిన్నె దగ్గర, సముద్రపు ఒడ్డునున్న మా పేటలో బావి లేదు. ఆడవాళ్ళు ఇసుకలో చెలమ తీసి, ఊరిన నీటిని కొబ్బరిచిప్పతో కడవకు ఎత్తుకునేవారు. మోచెయ్యి లోతు తవ్వితే మంచినీళ్ళు, అది దాటితే ఉప్పు. మంచినీరు తేలిక కాబట్టి ఉప్పునీటి పైన నిలుస్తుందని చాలా ఏళ్ళ తర్వాత గ్రంథాలయంలో చదివి సంతోషపడ్డాను. మా వాళ్ళ మోచేతులకు ఆ శాస్త్రం ముందే తెలుసు. ఎండాకాలంలో ఆ చెలమల్లోనే పశువులూ మూతి పెట్టేవి. ఒక వేసవిలో మా పిన్ని కొడుకు, మూడేళ్ళవాడు, వాంతులూ విరేచనాలూ పట్టుకుని ఒక్క పూటలో పోయాడు.

మరుసటేడు పట్నం నుంచి ఒక సేవాసంఘం వాళ్ళు ఇద్దరు వచ్చారు. పల్లెపల్లెకూ తిరిగి జనం బతుకులు విని రాసుకునేవారు. వాటిని చిన్న పత్రికలో అచ్చు వేస్తే, చదివినవాళ్ళు ఇచ్చే చందాలతో బావులు తవ్వించేవారు. చుట్టుపక్కల పేటలు చాలా ఉన్నాయి, ఆ ఏటికి బావి ఒక్కటే. మా పేటకు పెద్ద మా తాతయ్య. ఎవరి కథ ఎక్కువ ఏడిపిస్తే వాళ్ళకే నీళ్ళని ఆయనకు వెంటనే అర్థమైంది.

పిన్నిని చెప్పమన్నాడు.

"నా బిడ్డను ఎవురికీ అమ్మను మామా" అంది పిన్ని.

"పోయినోడు పోయినాడు తల్లీ. ఉండేవోళ్ళ గొంతు తడవద్దా?"

ఆమె తలుపు మూసుకుంది.

మరునాడు తాతయ్య మా అమ్మను వాళ్ళ ముందు కూర్చోబెట్టాడు. మా అమ్మకు మేం ఆరుగురం, ఆరుగురమూ బతికే ఉన్నాం. అయినా పిన్ని కొడుకు నీళ్ళు నీళ్ళని అడగడం, చివరిదాకా కొబ్బరిచిప్పను వదలకపోవడం, అన్నీ తన బిడ్డ సంగతులుగా చెప్పింది. నిజంగానే ఏడ్చింది. వాళ్ళు ఫొటో తీసుకున్నారు. పిన్ని తన గడపలో నిలబడి అంతా విన్నది.

బావి మా పేటకే వచ్చింది. సిమెంటు ఒరలు దించారు. తర్వాత అచ్చయిన పత్రిక కూడా ఒకటి పంపారు. పేటలో చదవడం వచ్చింది నాకొక్కదానికే. పదేళ్ళదాన్ని, బడికి పోకుండా అంగడి పొట్లాల కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఆదివారం ప్రార్థన అయ్యాక తాతయ్య నన్ను బల్ల మీద నిలబెట్టి చదవమన్నాడు. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగాలో ఎవరూ నేర్పలేదు. అయినా వాడి చావును ఎంతో బాగా చదివాను. జనం ముక్కు చీదారు. "దీని గొంతులో ఏముందబ్బా" అని ఎవరో మెచ్చుకున్నారు. పిన్ని వైపు చూడాలని నాకు తోచనే లేదు.

అందరూ లేచాక ఆమె నా దగ్గరికి వచ్చింది.

"వాడి పేరు రాసినారా?"

రాయలేదు. ఫొటో కింద మా అమ్మ పేరుంది. వాడు ఉత్త 'పసివాడు'. నేను పక్కనే ఉన్న తాతయ్యను చూశాను. ఆయన ఔననమని తల ఊపాడు. అది దయేనని ఇప్పుడనుకుంటాను.

"రాసినారు పిన్నీ."

"యాడ? చూపీ."

వాడి పేరు రెండక్షరాలు. రెండక్షరాల మాట కోసం గబగబా వెతికాను. 'బావి' దొరికింది. దాని మీద వేలు పెట్టాను. పిన్ని నా వేలు తీసి తన వేలు పెట్టి చాలాసేపు ఉంచింది. ఆ కాగితం అడిగి తీసుకుపోయింది.

నెల తిరక్కముందే సమాధుల దొడ్డిలో వాడి కొయ్యసిలువ మీద, పడవలకు పూసే తారుతో రెండక్షరాలు వెలిశాయి. పెద్దవి, వంకరవి. బావి. ఏటా వానలకు చెరిగితే ఆమే మళ్ళీ దిద్దేది. బతుకంతా ఆమె నేర్చుకున్న అక్షరాలు అవే. "నీ పుణ్యమే అమ్మీ" అనేది నన్ను చూసినప్పుడల్లా.

తర్వాత నేను గ్రంథాలయంలో బీరువాలకు బీరువాలు చదివాను. ఆ గర్వం ఇప్పటికీ ఉంది. కానీ ఎవరికైనా ఉత్తరమో ఆస్పత్రి కాగితమో చదివిపెట్టాల్సి వస్తే, ప్రతి మాట కిందా వేలు పెట్టి ఉన్నది ఉన్నట్టే చదువుతాను, చావు కబురైనా సరే. పిన్ని పోయాక ఆ తప్పు దిద్దాలని తారు డబ్బా పట్టుకుని వెళ్ళాను. చెయ్యి రాలేదు. అవి ఆమె రాసిన అక్షరాలు.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. వాడి పేరు యోబు.