రాగి వైపు దించిన బొమ్మ

తిరువూరులో మా హేతువాద సభకు మైకు అద్దెకివ్వడానికి ఎవరూ ఒప్పుకోలేదు. దాంతో రేడియోలు బాగుచేసే మిత్రుడూ నేనూ విదేశీ పత్రికలో, మైకు గొంతును పెంచే ఆంప్లిఫయర్ సర్క్యూట్ బొమ్మను కార్బన్ కాగితంతో రాగిపూత బోర్డు మీదకు దించాం. గీతలకు పెయింటు పూసి, మిగతా రాగిని యాసిడ్‌లో కరిగించాం. తీరా చూస్తే ట్రాన్సిస్టర్ల కాళ్లన్నీ తారుమారు. ఆ బొమ్మ విడిభాగాలు అమర్చే వైపు నుంచి గీసింది. మేం దాన్ని వెనకనుండే రాగి వైపు దించడంతో అద్దంలోలా కుడిఎడమైంది. సభ ఆ సాయంత్రమే.

"దేవుడు లేడన్నారుగా సార్, అలిగాడు!" అన్నాడు మిత్రుడు.

"అలిగింది మన బుర్ర భాయ్. విడిభాగాల్నీ రాగి వైపే పెడదాం, కాళ్లు సరిపోతాయి" అన్నాను.

సాయంత్రం మైకులో తొలిమాట అనగానే బజారు చివర టీకొట్టు దగ్గరివాళ్లు తలలు తిప్పారు. సముద్రాల అవతల ఎవరో గీసిన గీతలు నా గొంతును మోస్తున్నాయి. మంత్రం లేదు, మహిమ లేదు. కరెంటు నడిచే నియమం అక్కడా ఇక్కడా ఒకటే. ముందుగా ఆ మాటే సభకు చెప్పాను.